రెండు వేళ్ళు తక్కువ

రెండు వేళ్ళ కొలతను బేరమాడి అర వేలికి దించిన మనిషిని నేను. చీర ధర దించినవాళ్ళు, మిరపకాయల దగ్గర కమీషన్ దించినవాళ్ళు మా పల్నాటిలో వీధికి నలుగురు దొరుకుతారు. కాలే ఇనుము కొలతను, కమ్మరి కొలిమి ముందు నిలబడి, ఒక్క నోటితో దించినవాళ్ళు మాత్రం నాకు తెలిసి ఇంకెవరూ లేరు. పది మంది చూస్తుండగా దించాను. ఆ పూట అందరూ నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఇది ఎడ్లబండి చక్రానికి తొడిగే ఇనుప పట్టా సంగతి. చెక్క చక్రం ఒక్క ముక్క కాదు. నడుమ కుండ ఉంటుంది, కుండలోంచి చుట్టూ చువ్వల్లా ఆకులు, ఆకుల చివర వంపు తిరిగిన చెక్క ముక్కలు. అన్నీ విడివిడిగా చేసి ఒకదానిలో ఒకటి దూర్చినవే. వాటిని విడిపోకుండా బయటినుంచి బిగించి పట్టుకునేది ఆ ఇనుప వలయం ఒక్కటే. దానికి మేకులుండవు, జిగురుండదు.

నేను పుట్టింది సత్తెనపల్లి బజారులో. మా నాన్నది తాళ్ళు, గోనెసంచులు, పలుగులు, ఇనుప సామాను అమ్మే కొట్టు. ఇటు పక్క మా పెదనాన్న కొట్టు, అటు పక్క మా మేనమామ కొట్టు. మాటలు నేర్చేనాటికి నా చుట్టూ ఉన్నవాళ్ళంతా ఎవరితోనో ఒకరితో ధర తెగ్గొడుతూనే ఉండేవాళ్ళు. ఆ కొట్టులో నేను చూసిన వలయాలకు లెక్క లేదు. పత్తి బేళ్ళ మీద బిగించి వచ్చే పట్టీలు, డ్రమ్ము మూతను కరిచి పట్టుకునే రింగు, జల్లెడ చుట్టూ వంచిన రేకు, బావి బకెట్టు అంచున మడిచిన ఇనుప కడ్డీ. మా నాన్న లెక్కలో ఇవన్నీ తరుగే. "సరుకు చుట్టూ ఉండేది సరుకు కాదమ్మాయ్. ముందు తూకంలోంచి దాన్ని తీసెయ్, తర్వాత మాట్లాడు" అనేవాడు. బేలు చూసి పట్టీలు ఎంత తూగుతాయో చెప్పడం నాకు పదేళ్ళకే వచ్చు. నా పెళ్ళిలో అత్తవారు పెట్టిన చెవి రింగులు చేతిలోకి తీసుకుని, బోలువా గట్టివా అని అందరి ముందు అడిగాను. మా అమ్మ వీపు మీద గిల్లిన గిల్లుడు పందిరి తీసేదాకా మండింది.

అలాంటి పిల్ల రేగడి పొలాల నడుమ ఉన్న ఊరికి కోడలిగా వచ్చింది. అత్తగారు అప్పటికే లేరు. ఇంట్లో మా ఆయన, మామయ్యగారు, నేను. మా ఆయన ట్రాక్టరు కొన్నాక దున్నకం, విత్తడం, మందు కొట్టడం అన్నీ ఆయన చేతుల్లోకి వెళ్ళిపోయాయి. మామయ్యగారికి మిగిలింది ఒక జత ఎడ్లు, ఒక చెక్క బండి. ఇంకా ఎందుకు నాన్నా ఆ బండి అని మా ఆయన ఏడాదికోసారి అనేవాడు. పత్తి తీసే రోజుల్లో తుపాను వాన పడగానే ఆ మాట మానేసేవాడు. తడిసిన రేగడిలో దిగిన ట్రాక్టరు దిగిన చోటే ఉండిపోతుంది. ఇనుప పట్టాల సన్న చక్రాలు మాత్రం ఆ బురదను కోసుకుంటూ వెళ్తాయి. అప్పుడు ఊళ్ళో సగం మంది మామయ్యగారి కోసం వచ్చేవాళ్ళు.

"పెద్దాయనా, నాలుగు పత్తి బోరేలు పొలంలోనే ఉన్నయ్. ఇంకో వాన పడితే పత్తి నల్లబడుద్ది."

"మీ ట్రాక్టరు ఏం చేస్తందిరా?" అని అడిగేవారు, సమాధానం తెలిసే. అడిగి, వాళ్ళ చేత చెప్పించుకుని, అప్పుడు తువ్వాలు తలకు చుట్టేవారు. ఆ నాలుగు వారాలే ఆయన ఏడాది. ఆ పని పోతే ఆయన ఇంట్లో అన్నం తినే ముసలాయన అవుతారు, అంతే. ఆ సంగతి ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

నేను కాపురానికి వచ్చిన మూడో ఏడు చక్రాలు వదులయ్యాయి. వడ్రంగి కొన్ని చెక్కలు మార్చాడు. పాత పట్టాలు అరిగి రేకుల్లా అయిపోయాయి, కొత్తవి వేయించాలి. "ఈసారి గట్టిగా వేయిస్తే నేనున్నంత కాలం నడుస్తది అమ్మాయ్" అన్నారు మామయ్యగారు. ఇనుము మా నాన్న కొట్టునుంచి తెప్పించే బాధ్యత నేను తీసుకున్నాను. చక్రం చుట్టూ తాడు పెట్టి కొలిచి, అతుక్కి కావలసింది కలిపి, సరిగ్గా అంతే తెప్పించాను. అసలు ధరకే ఇచ్చాడు నాన్న, అదీ రెండుసార్లు ఫోను చేశాక.

కొలిమి ఊరి చివర. కమ్మరి మామయ్యగారి ఈడువాడు, చిన్నప్పుడు కలిసి ఎడ్లు కాసినవాళ్ళు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. వానలకు ముందు రోజులు కాబట్టి మా వెనక ఇంకో మూడు బండ్ల చక్రాలు వరసలో ఉన్నాయి. బాబాయ్ చక్రం చుట్టూ తాడు తిప్పాడు. ఆ తాడును ఇనుప పట్టె మీద పరిచాడు. తాడు చివరనుంచి రెండు వేళ్ళు వెనక్కి వచ్చి సుద్దతో గీత గీశాడు.

"బాబాయ్, గీత జారింది" అన్నాను.

"జారలేదమ్మా. అక్కడే."

"తాడు ఇక్కడిదాకా ఉంటే గీత అక్కడెందుకు?"

"పట్టా చక్రం కన్నా రెండు వేళ్ళు తక్కువుండాల. కాలిస్తే సాగుద్ది, అప్పుడు ఎక్కిస్తాం. నీళ్ళు పోస్తే ముడుచుకుంటది. అప్పుడు పట్టుద్ది చూడు, కరిచినట్టు."

"కోసిన ముక్క ఎవరికి?"

"కొలిమికే. ఎప్పుడూ అంతే కదా."

నా అనుమానం అక్కడ గట్టిపడింది. మా కొట్టులో గజం బద్దను ఒక వేలు లోపల పట్టుకునే కుర్రాళ్ళను మా నాన్న ఎన్నిసార్లు పట్టుకున్నాడో నాకు తెలుసు. రెండు చక్రాలకు నాలుగు వేళ్ళు. నాలుగు బండ్లకు ఎన్ని వేళ్ళు? ఏడాదికి ఎన్ని? ఊరంతా నోరు మూసుకుని ఇస్తోందా?

"ఇనుము సాగుద్దని నాకు చెప్పకు బాబాయ్. నేను పుట్టిందే ఇనుము కొట్టులో."

"కొట్టులో చల్లగా ఉంటదమ్మా ఇనుము. ఇక్కడ కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తిత్తి దగ్గర కూర్చున్న ఆయన భార్య తల తిప్పకుండానే అంది: "ఏందమ్మా కోడలుపిల్లా, బంగారం షాపనుకున్నావా ఏంది? వేళ్ళు లెక్కపెడతన్నావు!"

ఆ నవ్వు నాకు పడలేదు. బజారులో పెరిగినదాన్ని, నవ్వు ఎటువైపునుంచి వస్తే బేరం అటు ఒరుగుతుందని తెలుసు. "అయితే మా చక్రానికి తక్కువ వద్దు. తాడెంత ఉంటే అంతే వెయ్" అన్నాను.

"అట్టా వేస్తే అది పట్టా కాదు, గాజు. చేతికి వేసుకో" అన్నాడు బాబాయ్.

"మరి ఒక్క వేలు చాలదూ?"

"ఒకటిన్నర. మీ మామ మొహం చూసి."

"పావు."

ఆయన సుత్తి కింద పెట్టి మామయ్యగారి వైపు చూశాడు. మామయ్యగారు తుమ్మ మొద్దు మీద కూర్చుని ఉన్నారు. ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన మొహం నిండా నవ్వు. "చూశావంట్రా మా కోడల్ని" అన్నారు.

"చూశాలే" అన్నాడు బాబాయ్. వెనక వరసలోవాళ్ళు ఎండెక్కుతోందని తొందరపెడుతున్నారు. "అర వేలు. ఇంక నా వల్ల కాదు తల్లీ."

అర వేలికి కుదిరింది. కోసిన ముక్కలు రెండూ కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను. సిగ్గు పడలేదు.

ఆ తర్వాత జరిగింది నేను కళ్ళతో చూశాను, చూసి కూడా పోల్చుకోలేకపోయాను. వంచి అతికిన పట్టాను నేల మీద పెట్టి, చుట్టూ పిడకలు, తుమ్మ చెక్కలు పేర్చి కాల్చారు. ముగ్గురు పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద వేశారు. అంతకు ముందు వేసిన బండికి ఆ ముగ్గురూ చెమటలు కక్కుతూ సుత్తులతో కొట్టాల్సి వచ్చింది. మాది ఒకటి రెండు దెబ్బలకే దిగిపోయింది. "ఎంత నున్నగా ఎక్కిందో" అన్నారెవరో. నేను పొంగిపోయాను. నీళ్ళు పోసినప్పుడు ముందరి బండి చక్రం మూలిగింది, చెక్క చెక్కకు ఒరుసుకుంటూ కీచుమంది. మా చక్రం పొగ వదిలి ఊరుకుంది. బాబాయ్ సుత్తితో పట్టా మీద ఒకసారి తట్టాడు, చెవి పెట్టి విన్నాడు.  మామయ్యగారితో, "ఒరేయ్, ఎండల్లో చక్రాలు నీళ్ళల్లో పెట్టడం మర్చిపోమాక" అన్నాడు. "పెడతాలేరా" అన్నారాయన.

వానలు పడ్డాయి. తడికి చెక్క ఉబ్బి పట్టా కదలకుండా కూర్చుంది. ఆ ఏడు పత్తి తీసేటప్పుడు తుపాను రెండుసార్లు వచ్చింది. మామయ్యగారి బండి ఆగింది లేదు. బురద మోకాళ్ళదాకా, తలకు తువ్వాలు, బండి మీద ఇంటి ఎత్తు పత్తి. ఎదురొచ్చినవాళ్ళతో, "మా కోడలు వేయించిన పట్టాలురా ఇవి" అనేవారట. ఆ మాట ఎవరో వచ్చి చెబితే ఆ రోజు కూరలో ఇంకో గరిటె నూనె వేశాను.

ఎండలు మొదలయ్యాయి. మిరపకాయలు కల్లాల్లో ఎండాయి, బస్తాలకెత్తి రోడ్డు దాకా చేర్చాలి. ఒక ఉదయం మామయ్యగారు చక్రాలకు తడి గోనెలు చుడుతూ కనిపించారు. మర్నాడు చక్రానికీ పట్టాకీ మధ్య రేకు ముక్కలు దిగ్గొడుతున్నారు. ఏమైందని అడిగాను.

"ఎండకి చెక్క ఎండుద్ది అమ్మాయ్. మామూలే."

మామూలు కాదని ఆ దిగ్గొట్టే చేతిని చూస్తే తెలిసింది. ఇంకోసారి కొలిమికి తీసుకెళ్దామని అనాలి. అంటే అర వేలు మాట వస్తుంది. నేను అనలేదు.

సాగర్ కాలువ వంతెన దిగేచోట రోడ్డు వాలుగా ఉంటుంది. మధ్యాహ్నం, బండి నిండా బస్తాలు. మా ఆయన వెనక ట్రాక్టరు మీద వస్తూ చూశాడు. కుడి చక్రం పట్టా పక్కకు జరిగి, ఊడి, ఒక్కటే ముందుకు దొర్లుకుంటూ పోయి పక్క చేలో పడిందట. అది పడేదాకా చక్రం చక్రంలాగే ఉందట. తర్వాత ఆకులు విచ్చుకున్నాయి. బండి కూలబడింది. బస్తాల కింద మామయ్యగారు.

తుంటి ఎముక. గుంటూరులో ఆపరేషను చేసి రాడ్డు వేశారు. కర్రల స్టాండు పట్టుకుని నాలుగడుగులు వేస్తారు, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు అన్నారు డాక్టరుగారు. ఎడ్లకు దెబ్బలు తగల్లేదు. నెల తిరక్కుండా అమ్మేశాం. తోలుకెళ్ళేటప్పుడు ఆయన మంచం గోడ వైపు తిప్పమన్నారు.

ఇంటికి తీసుకొచ్చిన రోజు చూడడానికి వచ్చినవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు, బేరం నాడు కొలిమి దగ్గర ఉన్నవాళ్ళెవరూ కాదు. నేను వాకిట్లో టీ గ్లాసులతో ఉన్నాను. కమ్మరి బాబాయ్ వచ్చాడు. కూర్చోలేదు, మెట్టు దగ్గరే నిలబడ్డాడు.

"ఏం పనయ్యా అది? ఏడాది కూడా ఆగలేదు పట్టా" అన్నాడు పక్కింటాయన.

"కళ్ళు కనపడకపోతే చెప్పొచ్చు కదా, వేరే చోట వేయించుకుంటాం."

"చెయ్యి పోయిందిలే ఆయనకి. మా చక్రాలు పట్నంలో వేయిస్తా ఈసారి. అసలు రబ్బరు టైర్లే వేయించేస్తే పోద్ది."

బాబాయ్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. "నా పనే తప్పు" అన్నాడు. "పట్టాలు రెండూ మళ్ళీ వేసిస్తా. ఇనుము నాదే."

లోపల మంచం మీదినుంచి మామయ్యగారి గొంతు వచ్చింది: "ఎవరు తోలతార్రా ఇంక?"

 నేను టీలు ఇచ్చాను. బాబాయ్‌కి కూడా ఇచ్చాను. ఆయన తాగి, గ్లాసు కడిగి మెట్టు మీద బోర్లించి వెళ్ళిపోయాడు. పైసా దగ్గర ఊరుకోని నోరు నాది. అది ఆ పూట ఊరుకుంది.

మూడు వారాల తర్వాత మామయ్యగారితో చెప్పాను. స్టాండు పట్టుకుని నడిపిస్తూ, ఆయన మొహం చూడక్కర్లేని చోట నిలబడి చెప్పాను. అర వేలు నా వల్లే మామయ్యా అని.

"నేనక్కడే ఉన్నా కదమ్మా" అన్నారు. "అర వేలు చాలదని నాకు తెలీదా? బండి తోలేవాణ్ణి."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

ఇంకో అడుగు వేశాక చెప్పారు. "అంతమంది ముందు నా కోడలు గెలుస్తంది. సంబరపడ్డా. ఎండల నాటికి ఏదోటి చేద్దాంలే అనుకున్నా."

"బాబాయ్‌కి కూడా చెప్తాను. వెళ్ళి చెప్పేస్తాను."

"వాడికేం చెప్తావు, వాడికి తెలీనిదా? నువ్వు చెప్పాల్సింది వాడికి కాదు."

చెప్పాల్సింది ఆ రోజు అరుగు మీద కూర్చున్నవాళ్ళకి. ఇద్దరికీ తెలుసు.

చెప్పకపోలేదు. చెప్పాను. ఏడాది తర్వాత, పాల కేంద్రం దగ్గర, క్యాన్లు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళకి. రెండు వేళ్ళు అంటే అర వేలికి దించానని మొదలుపెట్టగానే వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. "కమ్మరాయన దగ్గర కూడానా! అమ్మో, నీతో బేరం వద్దమ్మా" అంది ఒకామె. నవ్వు వస్తుంటే నా గొంతు దానంతటదే ఆ వైపు తిరిగింది. బాబాయ్ మాటల్ని బాబాయ్‌లాగా అన్నాను, తిత్తి దగ్గర పిన్నిని అనుకరించాను. పొట్లం దాకా వచ్చేసరికి ఒకామె కళ్ళు తుడుచుకుంటోంది. కాలువ వంతెన దాకా కథ వెళ్ళనే లేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పాను, ప్రతిసారీ పొట్లం దగ్గరే ఆగింది. ఇప్పుడు రాయడానికి కూర్చున్నా మొదటి వాక్యం ఎలా వచ్చిందో మీరు చూశారు. దాన్ని కొట్టేయలేదు. ఇన్నేళ్ళూ ఎలా చెప్పుకుంటూ వచ్చానో అది కూడా లెక్కలో ఉండాలి.

మామయ్యగారు ఇంకా ఆరేళ్ళు ఉన్నారు. తుపాను పడితే ఆ స్టాండు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, బురదలో దిగిన ట్రాక్టర్ల మోత వింటూ నిలబడేవారు. ఎవరూ ఆయన కోసం రాలేదు. రెండేళ్ళకు బాబాయ్ కొలిమి ఆరిపోయింది. ఆయన కొడుకు దగ్గరికి వెళ్ళి, అక్కడే పోయాడని విన్నాను. రబ్బరు టైర్లు వచ్చాయి కాబట్టి ఎలాగూ ఆరేదే అని మా ఆయన అంటాడు. అది నాకు సాయంగా అంటాడు.

మొన్న అమరావతి రోడ్డులో ఏదో రిసార్టు కడుతున్నారని, గేటు దగ్గర నిలబెట్టడానికి పాత బండి చక్రాలు కావాలని ఒకాయన కారులో వచ్చాడు. కొట్టంలో ఒక మంచి చక్రం, ఒక విరిగిన చక్రం, రెండు పట్టాలు ఉన్నాయి. బేరమాడకుండా ఇచ్చేశానని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఆడాను. అరగంట ఆడాను. విరిగినదాన్నే పాతకాలంది అని ఎక్కువకు అమ్మాను. "పట్టా వదులుగా ఉందండి" అన్నాడాయన. "గోడకు ఆనించేదానికి బిగువెందుకండి?" అన్నాను. ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. 

ఇక లెక్క. మా నాన్న చెప్పినట్టు ముందు తరుగు తీసేస్తాను. మామయ్యగారు ఊరుకోవడం ఆయన వాటా, అది ఆయనే ఒప్పుకున్నారు, తీసేస్తున్నాను. బాబాయ్ గీతను జరపడం ఆయన వాటా, అదీ ఆయనే ఒప్పుకున్నాడు, తీసేస్తున్నాను. కాలం మారడం, రబ్బరు టైర్లు రావడం, అవీ తీసేస్తున్నాను. మిగిలింది నాది. కొలిమి దగ్గర నాకు మిగిలినది రెండు చక్రాలకూ, పొట్లానికీ కలిపి నాలుగు వేళ్ళ ఇనుము. దానికి పెట్టిన ఖర్చు ఒక మనిషి నడక, ఆరు తుపాను కాలాల పని, ఒక జత ఎడ్లు. రేకులు దిగ్గొట్టడం చూసి ఊరుకున్నదీ ఇందులోదే, కానీ ఇవి ఇంత పోతుందని తెలిసి పెట్టినవి కావు. వీటికి క్షమించమని అడిగాను, క్షమించారు. తెలిసి పెట్టిన ఖర్చు ఒక్కటే ఉంది. ఆ రోజు అరుగు మీద ఏడుగురున్నారు. మెట్టు దగ్గర నిలబడ్డ మనిషి నా వాటా కూడా తనదే అన్నాడు. ఆ ఏడుగురికీ నేను చెప్పాల్సింది ఒక్క మాట, అది చెప్పడానికి నాకేమీ ఖర్చయ్యేది కాదు. నేను టీ ఇచ్చాను. ఆ ఎండల్లో ఆ కొలిమికి పట్టాలకోసం ఒక్క బండి కూడా రాలేదు.